ఏడు మరపిట్టలు

ఆ చైత్రపు ఉదయం గవరయ్య చేతిలో ఉన్న సరుకు ఏడు మరపిట్టలు. తనిఖీలో ప్రాణమున్న పిట్ట ఒక్కటైనా కనబడకపోతే వేపతోట నరికేస్తారని, వాటిని చీకటితోనే కొమ్మలకెక్కించాడు. పిట్టలు చూడడం కొత్తగా నేర్చుకునే తొమ్మిదిమంది అతని వెనకాల నడుస్తున్నారు.

"అదిగో, కంసాలిపిట్ట! టుక్‌టుక్‌మంటోంది, విన్నారా?"

"ప్రాణమున్నదా, బ్యాటరీదా గవరయ్యగారూ?" అంది తనిఖీకొచ్చిన మంగతాయారు. "నా సంతకం పడేది ప్రాణమున్నదానికే."

గవరయ్య అబద్ధమాడబోయి, ఆడలేక, జేబులోని మీట నొక్కాడు. తోటంతా మూగబోయింది.

"అన్నీ నావేనమ్మా."

అంతలో అవతలి చెట్టు మీంచి, తోడు ఎందుకు ఆగిపోయిందని అడుగుతున్నట్టు, టుక్... టుక్...

"మరి దాని మీట ఎక్కడుందండీ?" అందామె, పెన్ను తీస్తూ.

గవరయ్య తెచ్చినవి ఏడు, సంచిలోకి తిరిగొచ్చినవి ఏడు. ఆమె రాసుకున్నది ఒకటి.