శ్రుతి కుదిరిన కారు

"స్పానరివ్వవే," అన్నాడు కారు కింద నుంచి జానకిరామయ్య.

లక్ష్మీకామేశ్వరి పన్నీరుబుడ్డి తెచ్చి భర్త మొహమ్మీద చిలకరించింది.

"ఇదేవిటే?"

"పన్నీరన్నారుగా. సొమ్మసిల్లారేమో అనుకున్నాను."

మరమ్మతంటే మర మీద మత్తు. సంగీతం మేష్టారికి ఆ మత్తు నెల్లాళ్లుగా దిగలేదు. శిష్యుడొకడు గురుదక్షిణగా అంటగట్టిన పాత కారది. మెకానిక్కు గడప తొక్కడానికి వీల్లేదన్నాడు మేష్టారు. హారను విప్పితే దీపాలు ఆరాయి. దీపాలు బిగిస్తే తలుపు ఊడింది. నిన్న శ్రీకాకుళంలో ఈ అద్దె ఇంటికి మారినప్పుడు సామాను ఎడ్లబండి మీదా, కారు ఎడ్లబండి వెనకా వచ్చాయి. కారుని పెరటిగోడకి ఆనించి నిలబెట్టారు.

కామేశ్వరి ఇక ఓపిక పట్టలేక, పాత ఇనుము కొనే పొందూరు సూరయ్యకి కబురంపింది. అతను పొద్దున్నే ఎడ్లబండితో వచ్చి కూర్చున్నాడు.

"మేస్టారూ, ముక్కలు సేసి పట్టుకెల్తాను. మీ బుర్రకి బరువు తగ్గుతాది."

"ఒక్క గంట ఆగవయ్యా. పలికిందా, నీది వట్టి బండి. పలకలేదా, నీదే ఈ బండి."

మేష్టారు హార్మోనియం పక్కన పెట్టుకుని, బానెట్‌లోకి తల దూర్చాడు. "కామేశ్వరీ, తాళం వెయ్యి."

"ఇన్నేళ్ల కాపురంలో తాళం నా చేతికి రావడం ఇదే మొదలు," అంటూ ఆవిడ కార్లో కూర్చుని తిప్పింది.

గుర్రుమంటూ మోత మొదలైంది. కారంతా వణికింది.

"పలికిందే," అన్నాడు జానకిరామయ్య. మర ఒకటి బిగించాడు. మోత కాస్త దిగింది. హార్మోనియం మీద 'సా' నొక్కాడు. రెండూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి.

"విన్నావా? దీనికి కావలసింది మెకానిక్కు కాదు, చెవి."

కామేశ్వరి కళ్లు చెమర్చాయి. "నాదే పొరపాటండీ. అమ్మొద్దు లెండి."

"ఇంత సక్కగా ఆడతన్నాది, దీన్నేటి కొంటాను," అని సూరయ్య ఎడ్లు కట్టుకుని వెళ్లిపోయాడు.

మేష్టారు ఉత్తరీయం దులుపుకుని ఆవిడ పక్కన ఎక్కాడు. "కళింగపట్నం పోదాం. సముద్రం చూద్దువుగాని."

అంతలో మోత సన్నబడి, మూలిగి, ఆగిపోయింది.

"ఏం ముట్టుకున్నావే?"

"తాళం తిప్పడం తప్ప నేనేం చేశానండీ?"

గోడ అవతల ఎవరో కేకేశారు: "కరెంటు పోనాది, రైసుమిల్లు ఇంక రేపే."