మిగిలిన మాట

మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలే గతి పడితే, మనిషి దేన్ని మిగుల్చుకుంటాడు?

పళ్ళెంలో పూసలు ఏరుతూ ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. పక్షవాతం వచ్చి నాన్న కుడిచెయ్యిని, కుడికాలిని, మాటలను పట్టుకుపోయింది. ఒక్క మాటను మాత్రం ఎందుకో వదిలిపెట్టింది.

"రాయి."

పొద్దున్నే షాపు తెరిచి, ఆమె ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చి గల్లా పక్కన, వీధికి ఎదురుగా కూర్చోబెడుతుంది. కాసేపటికి ఎడమచెయ్యి లేస్తుంది. వేలు గుమ్మం పైకి చూపిస్తుంది. "రాయి," అంటాడు. ఒకసారి బతిమాలుతున్నట్టు, ఒకసారి గద్దిస్తున్నట్టు.

ఆమెకు అందులో వింత కనబడలేదు. రాయిని చెంపకు ఆనించి, చల్లదనాన్ని బట్టి కెంపో గాజో చెప్పగల మనిషి ఆయన. బతుకంతా రాళ్ళ మధ్య గడిపినవాడికి చివరికి రాయే మిగలడం న్యాయమే. ఊహ తెలిసినప్పటి నుంచీ పక్కనే కూర్చుని పూసలు గుచ్చిన కూతురి పేరు మిగలలేదు. అది న్యాయమో కాదో ఆమె తేల్చుకోలేకపోయింది.

అన్నయ్య, తమ్ముడు మాత్రం ఇట్టే తేల్చుకున్నారు. నాన్న ఖరీదైన రాయి ఎక్కడో దాచాడు. గుమ్మం మీద అటక ఉంది. ఇంకేం కావాలి? షాపుకు ఏనాడో నల్లపూసలైపోయిన ఇద్దరూ ఇప్పుడు పిలవకుండానే ఊడిపడుతున్నారు.

వాళ్ళ కన్ను రాయి మీదే కాదు. పక్కనున్న సెల్‌ఫోన్ల దుకాణందారు గోడ కొట్టించి ఈ షాపును కలుపుకుంటానంటున్నాడు. షాపు నాన్నది. కాగితం మీద ఆయన వేలిముద్ర పడితే చాలు. కానీ స్టాంపుప్యాడు కనబడగానే ఆ ఎడమచెయ్యి పిడికిలైపోతుంది. ఒక్కొక్క వేలే విప్పబోయి తమ్ముడు చెమటలు కక్కాడు.

రాయి చేతిలో పెడితేగానీ ఆయన దారికి రాడని అన్నయ్య సిద్ధాంతం. ఎక్కడిదో ఎర్రరాయి ఒకటి పట్టుకొచ్చి, అటక మీద దొరికిందని చెప్పి నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. మరుక్షణం విసిరికొట్టాడు. అది వెళ్ళి ఆమె ముందున్న గాజుపూసల పళ్ళెంలో పడింది.

"చేరాల్సిన చోటికే చేరిందిలే అన్నయ్యా," అని నవ్వింది ఆమె.

ఆ నవ్వును అన్నయ్య మర్చిపోలేదు. ఇవాళ నిచ్చెన తెచ్చి తమ్ముణ్ణి అటక ఎక్కించాడు. అట్టపెట్టెలు, ఎలుకలు కొరికిన దారపుండలు, చిల్లులు పడిన జల్లెడ, పెయింటరు వదిలిపోయిన తెల్లరంగు డబ్బా, కుంచె ఒక్కొక్కటిగా నేల మీదికి దిగాయి. రాయి లేదు. తమ్ముడు సుత్తితో అటక చెక్కలు కూడా తట్టి చూశాడు. పైనుంచి దుమ్ము రాలి వాడి నెత్తినే పడింది.

ఇక తాళాలు ఇచ్చెయ్యమన్నాడు అన్నయ్య.

"ఇవ్వను."

"ఏం చూసుకుని నీకీ పొగరు? బయట బోర్డు మీద పేరైనా లేదు. పేరు లేని షాపుకి నువ్వొక ఓనరువా?"

పేరు లేని మాట నిజమే. 'అండ్ సన్స్' అన్న పాత అక్షరాలను నాన్నే గీకించేశాడు. నీలంరంగు పూయించాడు. కొత్త పేరేమిటని ఆమె అడిగితే, పెయింటరు రానీ, వాడి ముందే చెప్తానంటూ ఊరించాడు. పెయింటరు తిరిగి రాలేదు. పక్షవాతం వచ్చింది.

"నాన్నకి మతి లేదక్కా," అన్నాడు తమ్ముడు కొంచెం మెత్తగా. "ఎవరో ఒకరు ఆలోచించాలి కదా."

"మతి లేనివాడు గాజుని గాజని ఎలా కనిపెట్టాడ్రా?"

అన్నయ్య నాన్న కుర్చీ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అంత మతి ఉంటే చెప్పమను. ఈ షాపు దీనిదేనని ఆ నోటితో ఒక్క మాట అనమను. ఇప్పుడే వెళ్ళిపోతాం."

నాన్న కళ్ళు వాడి మీద నిలవలేదు. నేల మీద పరిచిన సామాను మీదుగా నడిచి ఒకచోట ఆగాయి. తర్వాత ఆమె మీదికి వచ్చాయి. ఎడమచెయ్యి లేచింది. వేలు గుమ్మం పైకి చూపింది.

"రాయి."

"అయిపోయింది," అన్నాడు అన్నయ్య. "మళ్ళీ అదే."

ఆమె ఆ వేలి వెంట చూపు సాగించింది. అటక ఖాళీ. కానీ వేలు అటక దగ్గర ఆగలేదు, గోడను దాటి పోతున్నట్టుంది. గోడకు అవతల ఏముందో ఆమెకు తెలుసు.

తాళాలగుత్తి నడుముకు దోపుకుంది. ఒక చేత్తో స్టూలు, రెండో చేత్తో కుంచెతో సహా రంగు డబ్బా ఎత్తి వీధిలోకి నడిచింది.

"ఎక్కడికే?" అన్నాడు అన్నయ్య. ఆమె వెనక్కి తిరగలేదు.

స్టూలెక్కి, తెల్లరంగులో కుంచె ముంచి, గుమ్మం మీది నీలం బోర్డుపై తన పేరులోని మొదటి అక్షరం దిద్ది, రెండోదాని దగ్గర ఆమె చెయ్యి తడబడి ఆగగానే, లోపలి నుంచి నాన్న గద్దించాడు: "రాయి."