మేకుకు కట్టిన బెల్

తమ నిద్ర చెడకూడదని, మంచాల పక్కన వేలాడే బెల్ స్విచ్చులను రాత్రిళ్ళు గోడ మేకులకు ఎత్తి కట్టేయడం మా వృద్ధాశ్రమంలో ఆయాల అలవాటు. ఆ రాత్రి డ్యూటీకి వచ్చిన నేను, కొత్త పెళ్ళికూతురి హుషారులో కూనిరాగం తీస్తూ అన్నింటినీ విప్పి, ఒక్కొక్కరి చేతికీ అందించాను. ఎవరినీ పిలవలేక నిన్న చనిపోయిన మామ్మగారి గది ఖాళీయే కదా అని, అక్కడి స్విచ్చును మాత్రం వదిలేశాను.

కాసేపటికి ఆ గది బెల్లే మోగింది.

"వెళ్ళకమ్మాయ్. మెయిన్ స్విచ్ ఆపేస్తా," అంది పెద్ద ఆయా.

"ఆపితే అన్ని గదులవీ ఆగిపోతాయి పెద్దమ్మా. ఇంకొకరు కూడా పిలవలేక చచ్చిపోవాలా?"

"పెళ్ళయ్యాక నీకు భయం కూడా పోయిందే."

"పోయింది. నువ్వు మెయిన్ మీద చెయ్యి వెయ్యి, చూద్దాం."

తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. మంచం మీద దుప్పటి పరిచింది పరిచినట్టే ఉంది. స్విచ్చు అందనంత ఎత్తున మేకుకే ఉంది. బెల్ మాత్రం మోగుతూనే ఉంది. కుర్చీ ఎక్కి, ముడి విప్పి, స్విచ్చును దిండు మీద పెట్టాను.

"ఇక ఎవరు కట్టేసినా నేనొచ్చి విప్పుతాను మామ్మగారూ."

బెల్ ఆగింది. వైరు ఇంకా నా చేతిలో ఉండగానే, స్విచ్చు మెల్లగా దుప్పటి కిందికి జరిగింది.