వాడు చెప్పిన తోట కథ

"ఇల్లు మా తాత కట్టాడు. బావి మా నాన్న తవ్వించాడు. ఈ నిమ్మతోట మాత్రం నేనే పెంచానండీ," సెలవులకు బస చేయడానికొచ్చిన దంపతులతో చెబుతున్నాడు తమ్ముడు.

మంచినీళ్లు తెచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న పోయాక పెళ్లి మాట తలపెట్టకుండా, బిందెలతో నీళ్లు మోసి ఆ మొక్కల్ని బతికించింది తను. ఆ కాపుతోనే వాణ్ణి చదివించింది.

"ఈవిడెవరండీ?" అడిగింది వచ్చినావిడ.

తమ్ముడు అక్క కాళ్లకున్న బురద చూశాడు. "పనికి ఉంటుందండీ," అన్నాడు.

వాళ్లు తోటలోకి నడిచాక వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

"నోరు జారలేదురా," అంది అక్క. "నన్ను ఎగాదిగా చూసి, ఆలోచించుకునే అన్నావు."