నాలుగేళ్ల పంటినొప్పి

"ఎవడు బాబాయ్, ఈ దవడ పన్ను పీకిన మొనగాడు? పైముక్క విరగ్గొట్టి వేళ్లు చిగుళ్లోనే వదిలేశాడు!" గ్లవుజులు తొడుక్కుని ఎక్స్‌రే చూస్తూ మండిపడింది డాక్టరమ్మ.

కుర్చీలోని టైలరు మెడకు కట్టిన గుడ్డ సర్దుకున్నాడు.

"చీము పట్టేదాకా నాలుగేళ్లు ఎలా ఓర్చుకున్నావు? ఊళ్లో ఇంతమంది డాక్టర్లుండగా!"

"నీ చదువు అవ్వాలిగా తల్లీ."

"నా చదువుకీ నీ పంటికీ ఏంటి సంబంధం?"

"పీకింది మీ నాన్నే. పోయేముందు వాడు పట్టిన ఆఖరి పన్ను ఇది. చెయ్యి వణికి పట్టకారు జారింది. నా పక్కన కూలబడి ఏడ్చాడు."

అప్పట్లో క్లినిక్ ఎందుకు మూశావని ఆమె అడిగితే, 'విసుగొచ్చిందమ్మా' అన్నాడు నాన్న. ఆమె నమ్మింది.

"వేరేవాళ్లకి చూపిస్తే వాణ్ణి తిడతారని ఆగాను."

గ్లవుజులతో కళ్లు తుడుచుకోలేక ఆమె తల వంచుకుంది. టైలరే లేచి, తన మెడకు కట్టిన గుడ్డతో తుడిచాడు.