దొంగ కోసం గీసిన బాణం

దొంగ ఎవరో ఆమెకు తెలిసిపోయింది. సొంత అక్క మొగుడు. ఇక రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవడమే మిగిలింది.

ఆమె పని పటాలు గీయడం. శరీరంలోని కణంలో ఏ ప్రొటీన్ దేన్ని నిద్ర లేపుతుందో, ఏది దేని నోరు నొక్కుతుందో ఊహించి, ఒక వెబ్‌సైట్‌లో బాణాలు వేసి చూపించడం. ఆమె పనిచేసే పరిశోధనశాలలో ఎవరి పటాన్నైనా అందరూ తెరిచి చూడొచ్చు. అదే కొంప ముంచింది. పై అంతస్తులో పనిచేసే బావ రెండు సభల్లో ఆమె బాణాలనే దర్జాగా తెరమీద చూపించాడు. అవి కనబడగానే ఆమె రెండుసార్లూ ఒళ్లు మండి విసురుగా బయటికొచ్చేసింది. అప్పట్నుంచి బావతో మాటల్లేవు. అసలే శాశ్వత ఉద్యోగానికి మనిషిని ఎంచుకునే రోజులు. తన ఊహలన్నీ బావ ఖాతాలో పడితే ఆ ఉద్యోగం గోవిందా.

"మీ ఆయన దొంగ అక్కా!" అంది ఫోన్‌లో.

"ఆయనా? ఇంట్లో బిస్కెట్ కూడా అడక్కుండా ముట్టుకోరే. నీ బాణాలు ఏం చేసుకుంటారు?"

అక్కతో లాభం లేదనుకుని ఆమె ఉచ్చు పన్నింది. ఎప్పుడో తనకొక పిచ్చి ఊహ తడితే తన ప్రొఫెసర్ పడీపడీ నవ్వాడు. దాన్నే బయటికి తీసి, స్నానసంబంధం కూడా లేని రెండు ప్రొటీన్ల మధ్య మౌస్‌తో ఒక ఎర్ర బాణం లాగింది. దొంగ దీన్నీ ఎత్తుకెళ్తాడు, నలుగురిలో నవ్వులపాలవుతాడు. ఆ పూట క్యాంటీన్ భోజనం కూడా రుచిగా అనిపించింది.

తర్వాతి సభలో ఎర్ర బాణం తెరమీద ప్రత్యక్షమైంది. ముందు వరసలో డైరెక్టర్ కూర్చుని ఉన్నారు. ఆమె లేచింది. ఈసారి బయటికి వెళ్లడానికి కాదు.

"బావగారూ, ఆ బాణం పచ్చి అబద్ధం! మిమ్మల్ని పట్టుకోవడానికి నేనే గీశాను."

హాలంతా గొల్లున నవ్వింది. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

బావ మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అబద్ధమేంటమ్మాయ్? నీ మిగతా బాణాల్లాగే దీన్నీ ల్యాబ్‌లో పరీక్షించాను. నిక్షేపంలాంటి నిజం. కాస్త ఓపిక పట్టు" అంటూ ఆఖరి స్లయిడ్ వేశాడు.

తెర నిండా ఒకే ఒక్క పేరు. ఆమెది. కింద ఇంకో వాక్యం: 'ఈ ఊహలన్నీ మా మరదలివి. నేను పరీక్ష చేశానంతే.'

ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కూర్చోవాలో పారిపోవాలో తెలియలేదు.

డైరెక్టర్ వెనక్కి తిరిగి ఆశ్చర్యంగా అడిగారు: "ప్రతి సభలోనూ ఈయన ఆఖర్న ఈ స్లయిడ్ వేస్తుంటే చూసే కదమ్మా ఉద్యోగం మీకే ఇద్దామనుకున్నాం, మీరు ఒక్కసారైనా చివరిదాకా కూర్చోలేదా?"