కదలని ముల్లు

“మళ్లీ వచ్చావా అవ్వా?” ఆఫ్రికాలోని లెసోతో దేశంలో, ఓ కొండమీది క్లినిక్‌లో నర్సు లినెయో విసుక్కుంది.

“రాకేం చెయ్యను సిస్టరమ్మా? మనవడు చిక్కిపోతున్నాడు, రాత్రంతా దగ్గే. వీడి నాన్న కూడా గని నుంచి ఇదే దగ్గుతో వచ్చాడు. క్షయేమో చూడు తల్లీ.”

“ఎలా చూడను? కఫం ఉమ్మమంటే మింగేస్తాడు. పోనీ బరువు తగ్గాడా అంటే అదీ లేదు. ఎండాకాలంలో ఎంతున్నాడో ఇప్పుడూ అంతే!”

“రోజూ వీపున మోసేదాన్ని, నాకు తెలీదా?”

“నీ వీపుకన్నా నా తూకం నయం. నువ్వే చూసుకో!” పిల్లాణ్ణి తూకం మీద కూర్చోబెట్టింది. ముల్లు పాత అంకె మీదే ఆగింది.

అవ్వకు ఒళ్లు మండింది. “నీకో దండం, నీ తూకానికో దండం!” పిల్లాణ్ణి వీపుకు కట్టుకుందామని, వాడికి చుట్టిన ఉన్ని దుప్పటి విసురుగా లాగేసింది.

ముల్లు గిర్రున వెనక్కి తిరిగింది.

లినెయో ముల్లునీ, అవ్వ చేతిలోని దుప్పటినీ మార్చి మార్చి చూసింది. ఎండాకాలంలో పిల్లల్ని ఒట్టి ఒంటితో తూచింది. చలి మొదలవగానే “దుప్పటి తీయకండమ్మా” అన్నదీ తనే.

“చుట్టెయ్ అవ్వా, చలి. వీణ్ణి ఇవాళే పెద్దాసుపత్రికి పంపుతా” అంటూ బయటికి పరుగెత్తింది.

వాకిట్లో తల్లులు పిల్లల్ని వీపులకు కట్టుకుని గుర్రాలెక్కుతున్నారు. పొద్దుట్నించీ “బరువు బాగుంది, వెళ్లిరండి” అని తను పంపేసినవాళ్లే.

“ఆగండి! ఎవరూ వెళ్లొద్దు. దుప్పట్లు తీసి మళ్లీ తూచాలి!”

ఒకామె నవ్వింది. “ఇంత చలిలోనా సిస్టర్? వద్దన్నది మీరే కదా!”